స్నాప్‌షాట్ తీస్తుంటే సర్వర్ బిగుసుకుపోతాందా? ఏ పద్ధతి ఎవరికి సరిపోతాది

మధ్యాహ్నం 12 దాటింది. కర్నూలులో ఆస్పత్రులు ఎక్కువుండే వైపు ఒక డయాగ్నొస్టిక్ ల్యాబు, దాని సర్వర్ నేనే చూస్తా. ఫోన్ వచ్చింది, "అన్నా, బిల్లింగ్ కదలడం లేదు, స్టిక్కర్లు రావడం లేదు" అని. పోయి చూస్తే రక్తం తీసే అమ్మాయి చేతిలో గొట్టం పట్టుకొని బార్‌కోడ్ ప్రింటర్ పక్కనే నిలబడి ఉంది, స్టిక్కర్ అంటించకుండా గొట్టం స్టాండులో పెడితే ఎవరి రక్తం ఎవరిదో తెలీకుండా పోతాది కాబట్టి ఆ పిల్ల దాన్ని చేతిలోంచి వదల్లేదు. బయట బెంచీల మీద ఆదోని నుంచి, గద్వాల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినోళ్లు, రిపోర్టు డాక్టరుకు చూపించుకొని మళ్లీ సాయంత్రం బస్సుకే ఊరికి పోవాల. సర్వర్‌కు పింగ్ పోతాంది, ప్రాసెసర్ ఖాళీగానే ఉంది, కానీ పని మాత్రం ఒక్కటీ జరగడం లేదు. ప్రాసెస్‌ల లిస్టు తీస్తే డేటాబేస్ పక్కన, లాగ్ రాసేదాని పక్కన, బిల్లింగ్ పక్కన అన్నిటికీ ఒకటే అక్షరం, "డీ". అంటే డిస్క్ కోసం కాచుకొని ఉన్నాయి, చంపినా చావవు. సరిగ్గా 12 గంటలకు స్నాప్‌షాట్, అంటే ఆ క్షణంలో డిస్క్‌లో ఉన్నది ఉన్నట్టు పట్టే నకలు, షెడ్యూల్ అయి ఉంది.

ఇట్లాంటిది జరిగితే మనోళ్లు వెంటనే అడిగే ప్రశ్న "ఎల్‌వీఎమ్ తీసేసి జెడ్‌ఎఫ్‌ఎస్‌కు పోదామా, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ బాగుంటాదా" అని. ఎల్‌వీఎమ్ అంటే లినక్స్‌లో డిస్క్ జాగాను వాల్యూమ్‌లుగా పంచేది, మిగతా రెండూ స్నాప్‌షాట్ తమలోనే ఉన్న ఫైల్ సిస్టంలు, అంటే డిస్క్ మీద ఫైళ్లను అమర్చే పద్ధతులు. నేను చెప్పేది ఏందంటే, ముందు మీది ఏ రకం బిగుసుకుపోవడమో కనుక్కోండి, ఆ తర్వాతే ఏది మార్చాలో అర్థమయితాది. నేను ఈ మూడు జిల్లాల్లో చూసినవి మూడు రకాలు, మూడింటికీ మందు వేరే వేరే.

ముందు లోపల ఏం జరుగుతాదో కొంచెం చెప్తా. స్నాప్‌షాట్ శుభ్రంగా రావాలంటే ఆ క్షణంలో ఫైల్ సిస్టం కదలకుండా ఉండాల, అందుకే దాన్ని ఫ్రీజ్ చేస్తారు. లినక్స్‌లో ఇది మొదట ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టంకు మాత్రమే ఉన్న సౌకర్యం, 2009లో వచ్చిన 2.6.29 కెర్నల్ (లినక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాం) నుంచి ఈఎక్స్‌టీ4 లాంటి వేరే ఫైల్ సిస్టంలకు కూడా అదే పద్ధతి వచ్చింది, ఎఫ్‌ఎస్‌ఫ్రీజ్ అనే కమాండ్ చేసేది ఇదే. ఫ్రీజ్ చేసినప్పుడు కొత్త రైట్లకు, అంటే డిస్క్‌కు రాసే పనులకు, ముందు గేటు వేస్తాది, ఆ తర్వాత ర్యామ్‌లో ఇంకా డిస్క్‌కు పోకుండా మిగిలిన డేటానంతా డిస్క్‌కు తోస్తాది, అది అయిపోయినాకే స్నాప్‌షాట్. ఈ వరస గుర్తుపెట్టుకోండి. గేటు ముందు పడుతుంది, తోయడం తర్వాత. తోయాల్సింది ఎంత ఉంటే గేటు అంతసేపు మూసే ఉంటాది, బయట రైట్ కోసం వచ్చిన ప్రతి ప్రాసెసూ క్యూలో నిలబడాల్సిందే.

ల్యాబులో జరిగింది అదే. ఆ సర్వర్‌లో 64 జీబీ ర్యామ్, కింద మాత్రం మామూలు తిరిగే హార్డ్ డిస్క్‌లు. లినక్స్‌లో డర్టీ రేషియో డీఫాల్ట్ 20 శాతం, అంటే అందుబాటులో ఉన్న మెమరీలో ఐదో వంతు దాకా రాయాల్సిన డేటాను ర్యామ్‌లోనే ఉంచుకోవచ్చు, బ్యాక్‌గ్రౌండ్‌లో రాయడం మొదలుపెట్టేది కూడా 10 శాతం దాటినాకే. 64 జీబీలో అది దాదాపు 12 జీబీ దాకా పోతాది. హార్డ్ డిస్క్ వరసగా రాస్తే సెకనుకు 150 ఎంబీ అనుకుందాం, 12 జీబీ దిగడానికి 80 సెకన్లు, అది కూడా ఒకే వరసలో ఉంటే, డేటాబేస్ మాదిరి ఆడొకటి ఈడొకటి రాయాల్సి వస్తే ఎన్నో రెట్లు. ఆ రోజు 12కు కొంచెం ముందు ఎక్స్‌రే ఫైళ్లు మొత్తం ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కు కాపీ వేసినారు, అదంతా ర్యామ్‌లో కూర్చొని ఉంది. దీనికి ఫైల్ సిస్టం మార్చాల్సిన పని లేనే లేదు. శాతాల బదులు డర్టీ బైట్స్ 1 జీబీకి, బ్యాక్‌గ్రౌండ్ బైట్స్ 256 ఎంబీకి కట్టేసినాం, స్నాప్‌షాట్ స్క్రిప్టులో ఫ్రీజ్‌కు ముందు ఒకసారి సింక్ కొట్టించినాం, షెడ్యూల్‌ను మధ్యాహ్నం నుంచి రాత్రికి జరిపినాం. సింక్ ముందే కొడితే గేటు తెరిచి ఉండగానే ఎక్కువ భాగం డిస్క్‌కు దిగిపోతాది, ఫ్రీజ్ సమయానికి తోయాల్సింది కొంచెమే మిగులుతాది. ఇంత చిన్న పని చేయకుండా లక్షలు పెట్టి స్టోరేజ్ మార్చినోళ్లను నేను చూసినా, మనసు కష్టమయితాది.

రెండో రకం అనంతపురంలో చూసినా. చిన్న చిన్న వెబ్‌సైట్లు పెట్టుకున్న ఒక వర్చువల్ మెషీన్, బయట హోస్ట్ (దాన్ని నడిపే అసలు కంప్యూటర్) నుంచి బ్యాకప్ తీసేటప్పుడు లోపల ఉన్న గెస్ట్ ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రాంకు "ఫ్రీజ్ చెయ్" అని చెప్తాది, అది చేసింది, అంతే, ఇంక లేవలేదు. పది నిముషాలైనా అట్లే. కెర్నల్ లాగ్‌లో "120 సెకన్లకు పైగా ఆగిపోయింది" అనే వరసలు, అవి ఎర్రర్ కాదు, ఒక ప్రాసెస్ అంతసేపు డిస్క్ దగ్గర ఆగితే కెర్నల్ ఇచ్చే హెచ్చరిక, 120 అనేది దాని డీఫాల్ట్. కారణం ఏందంటే ఆ మెషీన్‌లో ఒక పెద్ద ఫైల్‌నే డిస్క్ మాదిరి వాడి, దాన్ని టెంప్ ఫోల్డర్‌గా మౌంట్ చేసి పెట్టినారు, దీన్నే లూప్ అంటారు. కింద ఉన్న అసలు ఫైల్ సిస్టం ముందు ఫ్రీజ్ అయిపోయింది, తర్వాత లూప్ మీదున్నదాన్ని ఫ్రీజ్ చేయాలంటే దాని డేటాను ఆ ఫైల్‌లోకి రాయాల, ఆ ఫైల్ ఉండేది ముందే గేటు పడిన ఫైల్ సిస్టంలో. ఒకటి ఇంకోదాని కోసం, అదేమో దీని కోసం. ఇట్లాంటిదే ఇంకోటి, ఫ్రీజ్‌కు ముందూ తర్వాతా నడిచే హుక్ స్క్రిప్టు తన లాగ్‌ను అదే ఫ్రీజ్ అయిన డిస్క్‌లో రాయబోవడం. కరిగించాల్సిన, అంటే ఫ్రీజ్ తీసేయాల్సిన స్క్రిప్టే గేటు దగ్గర ఇరుక్కుంటే ఇంక కరిగించేది ఎవరు. విండోస్‌లో స్నాప్‌షాట్ తీసే వీఎస్‌ఎస్‌కు గడువులు ఉన్నాయి, రైటర్ల (డేటాబేస్ మాదిరి ప్రోగ్రాముల తరఫున పనిచేసేవి) ఫ్రీజ్ 60 సెకన్లు దాటకూడదు, డిస్క్ రైట్లు పట్టి ఉంచేది 10 సెకన్లు దాటకూడదు, దాటితే స్నాప్‌షాట్ ఫెయిల్ అయితాది గానీ మెషీన్ నడుస్తాది. లినక్స్‌లో ఎఫ్‌ఎస్‌ఫ్రీజ్‌కు అట్లాంటి గడువు లేదు, ఎవరో ఒకరు వచ్చి కరిగించేదాకా అట్లే ఉంటాది.

అట్ల ఇరుక్కున్నప్పుడు కరెంటు బటన్ నొక్కొద్దు, దయచేసి. ముందు హోస్ట్ నుంచి థా (కరిగించే) కమాండ్ పంపించి చూడండి, లేదంటే లోపల ఎఫ్‌ఎస్‌ఫ్రీజ్‌కు మైనస్ యూ ఇచ్చి ఆ మౌంట్ పాయింట్ పేరు కొట్టండి. కొత్తగా లాగిన్ కావడం కూడా ఆగిపోవచ్చు, ఎందుకంటే లాగిన్ అయితే లాగ్ రాయాల, అందుకే కొత్త సెటప్ మీద మొదటిసారి స్నాప్‌షాట్ టెస్ట్ చేసేటప్పుడు రూట్ షెల్ ఒకటి ముందే తెరిచి పెట్టుకోవాల. ప్రోక్ కింద ఉండే సిస్‌ఆర్‌క్యూ ట్రిగ్గర్ ఫైల్‌లోకి "డబ్ల్యూ" అక్షరం పంపిస్తే ఏ ప్రాసెస్ ఎక్కడ ఆగిందో కెర్నల్ లాగ్‌లో వస్తాది, "జే" పంపిస్తే ఎఫ్‌ఎస్‌ఫ్రీజ్ పద్ధతిలో ఫ్రీజ్ అయినవన్నీ ఒక్కసారిగా కరిగిపోతాయి. ప్రోక్ నిజమైన డిస్క్ కాదు కాబట్టి దాంట్లో రాయడం ఆగదు. ఆ "జే" ఒక్కటి తెలిసుంటే అనంతపురం మెషీన్ రెండు నిముషాల్లో లేచేది, ఆ రోజు నాకు తెలీలేదు, కోల్డ్ రీబూట్ చేసినాం, ఒక టేబుల్ రిపేర్ చేసుకోవాల్సి వచ్చింది.

మూడో రకం అసలు ఫ్రీజ్ కాదు, కానీ వాడేవాళ్లకు అట్లే అనిపిస్తాది. కడపలో బండల వ్యాపారం చేసే ఒక ఆఫీసు, లోడింగ్ చీటీలు, జీఎస్టీ బిల్లులు అన్నీ ఒకే సర్వర్‌లో. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిదానం, స్నాప్‌షాట్ తీసిన రోజు మాత్రమే అనుకున్నారు, చూస్తే పాత ఎల్‌వీఎమ్ స్నాప్‌షాట్లు మూడు తీసి అట్లే వదిలేసినారు. పాత పద్ధతి ఎల్‌వీఎమ్‌లో స్నాప్‌షాట్ ఉన్నంతకాలం ఒక చోట మొదటిసారి రాయాలంటే ముందు ఆడున్న పాత డేటా చదవాల, దాన్ని స్నాప్‌షాట్ స్థలంలో రాయాల, ఆ లెక్క రాసుకోవాల, అప్పుడు కొత్తది రాయాల. స్నాప్‌షాట్లు మూడుంటే ఈ కాపీ మూడుసార్లు. ఒక బండి లోడు దించడానికి మూడు చోట్ల కాటా వేయించినట్టు. రెండు తీసేసిన వెంటనే మెషీన్ ఊపిరి పీల్చుకుంది.

ఇప్పుడు ఎంపిక సంగతికి వస్తా.

పాత పద్ధతి ఎల్‌వీఎమ్ స్నాప్‌షాట్‌ను నేను ఒకే ఒక్క పనికి వాడమంటా, రాత్రి తీసి, దాన్ని మౌంట్ చేసి బయటి డిస్క్‌కు కాపీ కొట్టి, గంటా రెండు గంటల్లో తీసేయడానికి. ఎల్‌వీఎమ్ తానే ఫైల్ సిస్టంను ఫ్రీజ్ చేసి కరిగిస్తాది కాబట్టి మీరు ఎఫ్‌ఎస్‌ఫ్రీజ్ విడిగా కొట్టాల్సిన పని లేదు, రెండూ చేసేవాళ్లు అనవసరంగా చిక్కు తెచ్చుకుంటున్నారు. దానికిచ్చిన స్థలం నిండిపోతే స్నాప్‌షాట్ చెల్లకుండా పోతాది గానీ అసలు డేటాకు ఏం కాదు, ఈ గుణం నాకు నచ్చుతాది. ఎల్‌వీఎస్ కమాండ్‌లో డేటా శాతం చూసుకుంటా ఉండాల. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే స్నాప్‌షాట్ మౌంట్ కాలేదని కంగారు పడొద్దు, రెండింటికీ ఒకే యూయూఐడీ (గుర్తింపు నంబరు) ఉంటాది, నోయూయూఐడీ ఆప్షన్ ఇస్తే మౌంట్ అయితాది.

ఎల్‌వీఎమ్ థిన్ వేరే, దీంట్లో వాల్యూమ్‌లూ స్నాప్‌షాట్లూ అన్నీ పూల్ అనే ఒకే ఉమ్మడి జాగాలోంచి తీసుకుంటాయి. దీంట్లో స్నాప్‌షాట్లు పదున్నా పదిసార్లు కాపీ చేసే బాధ లేదు, రోజువారీ స్నాప్‌షాట్లు వారం రోజులు ఉంచుకోవాలంటే ఇది బాగుంటాది. కానీ పూల్ నిండితే కథ మారిపోతాది. పాతదాంట్లో నిండితే స్నాప్‌షాట్ పోతాది, థిన్‌లో నిండితే అసలు వాల్యూమే ఆగుతాది, డీఫాల్ట్‌గా 60 సెకన్లు రైట్లను క్యూలో పెట్టి చూస్తాది, అప్పటికీ జాగా రాకపోతే ఎర్రర్ ఇస్తాది. పైన ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఉంటే మెటాడేటా (ఏది ఎక్కడుందో రాసుకునే లెక్క) రైట్ ఫెయిల్ అయినప్పుడు అది డీఫాల్ట్‌గా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తానే ఉంటాది. ఆటో ఎక్స్‌టెండ్ థ్రెషోల్డ్ డీఫాల్ట్ 100, అంటే ఆటోమేటిక్‌గా పెరగడం బంద్‌లో ఉన్నట్టే లెక్క, చాలామంది అది ఆన్‌లో ఉందనుకుంటారు. దాన్ని 70, 80కి దించి, వాల్యూమ్ గ్రూప్‌లో నిజంగా ఖాళీ జాగా ఉంచి, మెటాడేటా శాతాన్ని కూడా చూసే మనిషి ఉంటేనే థిన్ పెట్టండి. చూసే మనిషి లేని ఆఫీసుకు థిన్ వద్దని నేను గట్టిగా చెప్తా.

కొత్త సర్వర్ కొంటున్నారు, ఇంకా డేటా ఎక్కలేదు అంటే నా ఓటు జెడ్‌ఎఫ్‌ఎస్‌కే. దీంట్లో స్నాప్‌షాట్ అంటే గేటు వేసి తోయడం కాదు, రైట్లన్నీ గుంపులు గుంపులుగా డిస్క్‌కు పోతాయి, డీఫాల్ట్‌గా 5 సెకన్లకు ఒక గుంపు, స్నాప్‌షాట్ ఆ గుంపు దగ్గర ఒక గుర్తు పెట్టడం మాత్రమే. పాత బ్లాకు మీద ఎప్పుడూ రాయదు కాబట్టి కాపీ చేసే పనే లేదు. సెండ్ కమాండ్‌తో మారిన బ్లాకులు మాత్రమే ఇంకో మెషీన్‌కు పంపించుకోవచ్చు, మన ఊర్ల ఇంటర్నెట్ అప్‌లోడ్ స్పీడుకు ఇది పెద్ద వరం. ఇబ్బందులు రెండు. ర్యామ్ తింటాది, చాలా వెర్షన్లలో లినక్స్ మీద సగం ర్యామ్ దాకా క్యాష్‌కు తీసుకునేది డీఫాల్ట్, డేటాబేస్ కూడా అదే మెషీన్‌లో ఉంటే దానికి హద్దు కట్టాల. రెండోది, పూల్ 80 శాతం దాటనీయొద్దు, దాటినాక నిదానం అయితాది, ఫైళ్లు తీసేసినా స్నాప్‌షాట్ పట్టుకొని ఉంటే జాగా తిరిగి రాదు. లైసెన్స్ వేరు కాబట్టి లినక్స్ కెర్నల్‌లో కలిసి రాదు, ఉబుంటు 16.04 నుంచి ప్యాకేజీగా ఇస్తాంది, రెడ్‌హ్యాట్ వైపు వాడితే కెర్నల్ అప్‌డేట్ చేసే ప్రతిసారీ మాడ్యూల్ కూడా వచ్చిందా లేదా చూసుకోవాల.

బీటీఆర్‌ఎఫ్‌ఎస్ గురించి తొందరగా చెప్పేస్తా. సూసే వాడేవాళ్లకు అది అలవాటే, రెడ్‌హ్యాట్ అయితే 8వ వెర్షన్‌లో తీసేసింది. ఫైళ్లు పెట్టుకునే సర్వర్‌కు పర్వాలేదు. డేటాబేస్‌కు, వర్చువల్ డిస్క్‌లకు వద్దు, ముక్కలు ముక్కలు అయిపోతాయి. ముఖ్యంగా కోటా గ్రూపులు (ఎవరు ఎంత జాగా వాడినారో లెక్క పెట్టేవి) ఆన్ చేసి వందల స్నాప్‌షాట్లు పెట్టి, తర్వాత వాటిని ఒకేసారి డిలీట్ చేస్తే ఆ లెక్కలు వేసుకునేటప్పుడు మొత్తం ఆగి ఆగి నడుస్తాది. స్నాప్‌షాట్ తీసేటప్పుడు కాదు, తీసేసేటప్పుడు బిగుసుకుంటాందంటే ముందు అనుమానించాల్సింది ఈ కోటానే.

ఫ్రీబీఎస్‌డీ (లినక్స్ మాదిరి ఇంకో ఆపరేటింగ్ సిస్టం) మీద యూఎఫ్‌ఎస్ అనే దాని పాత ఫైల్ సిస్టం వాడేవాళ్లు తక్కువ, అయినా ఒక మాట. ఆడ ఒక ఫైల్ సిస్టంకు 20 స్నాప్‌షాట్లే పరిమితి, జర్నల్ ఉన్న సాఫ్ట్ అప్‌డేట్స్‌తో స్నాప్‌షాట్లు కుదిరింది 13.2 నుంచే. పాత వెర్షన్ ఉంటే ముందు వెర్షన్ పెంచండి, లేదా జెడ్‌ఎఫ్‌ఎస్‌కు పోండి, ఆడ అది బాగా కుదిరింది.

హైపర్‌వైజర్ (హోస్ట్ మీద వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్) స్నాప్‌షాట్ అంటే మెషీన్ మొత్తాన్ని బయట నుంచి పట్టేది, చూడ్డానికి అన్నిటికన్నా సులభం, అందుకే అందరూ మొదట దీనికే పోతారు. అప్‌డేట్‌కు ముందు ఒకటి తీసి, అంతా బాగుంటే తీసేయడానికి ఇది బంగారం. వీఎమ్‌వేర్ వాళ్లే ఒక స్నాప్‌షాట్‌ను 72 గంటలకు మించి ఉంచొద్దని చెప్తారు, పెద్దదైపోయినాక కలిపేటప్పుడు కూడా మెషీన్ ఆగుతాది. రోజువారీ బ్యాకప్‌కు వాడితే మాత్రం మెమరీతో సహా తీయొద్దు, గెస్ట్ ఏజెంట్ ఫ్రీజ్ ఆన్ చేసే ముందు లూప్ మౌంట్లు, నెట్‌వర్క్ మౌంట్లు ఏమున్నాయో లిస్టు తీయండి.

ఇంక నేను అన్నిటికన్నా ముందు పెట్టేది డేటాబేస్ సొంత బ్యాకప్. మన ఊర్లలో ల్యాబు గానీ, మార్కెట్ యార్డు కమీషన్ కొట్టు గానీ, కాలేజీ ఫీజుల లెక్క గానీ, అసలు విలువంతా ఒకటే డేటాబేస్‌లో ఉంటాది, అది 20 జీబీయో 50 జీబీయో. దానికోసం డిస్క్ మొత్తాన్ని ఎందుకు బిగించాల. మైఎస్‌క్యూఎల్‌లో ఇన్నోడీబీ రకం టేబుళ్లయితే డంప్‌కు (డేటా అంతా ఒక ఫైల్‌లోకి దించడం) సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్ ఇస్తే ఎవరినీ ఆపకుండా ఒకే క్షణం నాటి డేటా వస్తాది, డేటా పెద్దదైతే ఎక్స్‌ట్రాబ్యాకప్ అనే టూల్ ఉంది. పోస్ట్‌గ్రెస్‌కు పీజీ బేస్‌బ్యాకప్ ఉంది. ఒక జాగ్రత్త, కొన్ని పాత స్క్రిప్టులు స్నాప్‌షాట్‌కు ముందు టేబుళ్లన్నిటికీ రీడ్ లాక్ వేస్తాయి, అప్పటికే ఒక పెద్ద రిపోర్టు క్వెరీ నడుస్తా ఉంటే ఆ లాక్ దానికోసం ఆగుతాది, లాక్ వెనక మిగతా వాళ్లంతా ఆగుతారు. ఇది చూసి ఫైల్ సిస్టం బిగుసుకుందని అనుకుంటారు, డిస్క్‌కు సంబంధమే ఉండదు. ప్రాసెస్ పక్కన "డీ" లేకుండా అందరూ ఆగినారంటే డేటాబేస్ లోపల లాక్ చూడండి.

కాబట్టి ఒకే సర్వర్, ఒకే డేటాబేస్, చూసే మనిషి వారానికోసారి వచ్చేవాడు అయితే డేటాబేస్ డంప్ రాత్రి ఒకసారి, మధ్యాహ్నం భోజనాల సమయంలో ఒకసారి, మిగతా ఫైళ్లకు రాత్రి పాత పద్ధతి ఎల్‌వీఎమ్ స్నాప్‌షాట్ తీసి కాపీ అయినాక తీసేయడం, ఇంతే చాలు. నాలుగైదు వర్చువల్ మెషీన్లు ఉండి, ఎస్‌ఎస్‌డీలు ఉండి, కొత్తగా కట్టుకుంటుంటే కింద జెడ్‌ఎఫ్‌ఎస్. పూర్తి కాలం అడ్మిన్ ఉన్న చోట థిన్ కూడా మంచిదే. ఏది పెట్టినా ఒక కాపీ ఆ బిల్డింగు బయట ఉండాల, స్నాప్‌షాట్ ఉండేది అదే డిస్క్‌ల మీద. కర్నూలులో 2009 అక్టోబర్ వరద చూసినోళ్లకు ఈ మాట విడమరిచి చెప్పాల్సిన పని లేదు, కింది అంతస్తుల్లో ఉన్నవన్నీ నీళ్లలో నానినాయి, ఆడ సర్వర్ ఉండుంటే దాంట్లో ఎన్ని స్నాప్‌షాట్లు ఉన్నా ఒకటే.

మార్చే ముందు కొలవండి, దానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఏం వద్దు. అనుమానం ఉన్న డిస్క్ మీద సెకనుకు ఒకసారి టైమ్‌ను ఒక ఫైల్‌లో రాసే నాలుగు లైన్ల లూప్ పెట్టండి, స్నాప్‌షాట్ తీయండి, తర్వాత ఆ ఫైల్ తెరిచి వరసగా చదవండి. 12:00:04 తర్వాత లైను 12:01:31 ఉంటే మీ గేటు 87 సెకన్లు మూసి ఉందని అర్థం. మెయిన్‌టెనెన్స్ టైమ్‌లో కాకుండా నిజంగా పని జరిగే టైమ్‌లో కూడా ఒకసారి చేయండి, ముందే అందరికీ చెప్పి. అదే లూప్‌ను ఇంకో డిస్క్ మీద కూడా పెట్టండి, రెండింట్లోనూ ఖాళీ వస్తే మెషీన్ మొత్తం ఆగింది, అంటే హైపర్‌వైజర్ వైపు చూడాల, ఒకదాంట్లోనే వస్తే ఆ ఫైల్ సిస్టం వైపు.

ల్యాబులో మార్పులు చేసినాక పనివేళల్లో ఒకసారి ఇట్లే కొలిచినాం, ముందే రిసెప్షన్‌లో చెప్పి, ప్రింటర్ పక్కన నేనే నిలబడి. ఫైల్‌లో ఒకే ఒక్క చోట లైనుకు లైనుకు మధ్య 2 సెకన్లు వచ్చింది. ఆ మధ్యలో ప్రింట్ కొట్టిన స్టిక్కర్ కొంచెం ఆగి వచ్చింది, అమ్మాయి దాన్ని గొట్టానికి చుట్టి స్టాండులో పెట్టి తర్వాతి పేరు పిలిచింది.